మూడూళ్ల టైము కలిపిన మా ఖాలా

పోయిన నెల ప్రొద్దుటూరులో మా ఖాలా కన్నుమూసింది. తెల్లవారి నమాజు చదువుకుని చాప మీదే కాసేపు ఒరిగిందట, మళ్లీ లేవలేదు. కబురు వచ్చేసరికి నేను పులివెందుల ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. ఫోను పెట్టేసి, ఎదురుగా ఉన్న ముసలాయనకు సెలైన్ సీసా మార్చి, ఆ తర్వాతే ఏడ్చాను. ఆమె ఉన్నా అట్లే చేయమనేది.

ఖాలా అంటే మా అమ్మ చెల్లెలు. మా ఆసుపత్రికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో శాఖలున్నాయి. మూడింటి సర్వర్లూ చూసుకునేది ఆమే. నేను అక్కడే నర్సును. మేము మందిచ్చి బటన్ నొక్కితే దాని పక్కన పడే టైము సర్వరు గడియారంలోదే. ప్రొద్దుటూరు సర్వరు ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుంటుంది. మిగతా రెండూ దాన్ని అడిగి తమ గడియారాలు దిద్దుకుంటాయి. బాగా నడిచినన్నాళ్లు ఎవరికీ గుర్తుకు రాని పని అది.

రోజూ పొద్దున టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఒక కాలు కుర్చీ మీదికి మడుచుకుని, మూడూళ్ల టైములూ తెరిచి చూసేది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం కానీ పని మాటలు మాత్రం ఆమెకు తెలుగులోనే వచ్చేవి. గడియారం రవ్వంత ముందుకు పోతే చటుక్కున వెనక్కి తిప్పవెందుకని ఒకసారి అడిగాను.

"తిప్పగూడదు పాపా. అయిపోయిన నిమిషం మళ్లా వస్తాది. ఏది ముందో ఏది యెనకో మిషనుకు తెల్దు. కొంచెం నిదానంగా నడిపిస్తే సరి, అసలు టైమే వచ్చి కలుసుకుంటాది."

ఒక వానాకాలం పులివెందులలో కరెంటు పోయి సర్వరు ఆగింది. లైను కూడా తెగింది. మళ్లీ లేచాక తప్పు టైము చూపిస్తోందని రిసెప్షన్‌లో ఉండే అన్న ఫోను చేశాడు. ఖాలా జమ్మలమడుగులో వేరే పనిలో ఉంది. "ఇప్పటికి గోడ గడియారం చూసి పెట్టప్పా. లైనొస్తే అదే సరిచేసుకుంటాది" అంది. ఇంటికి పోయే బస్సు తప్పిపోకూడదని సిబ్బంది ఆ గోడ గడియారాన్ని ఎప్పుడో ఇరవై నిమిషాలు ముందుకు పెట్టుకున్నారని ఆమెకు తెలియదు. అలవాటైపోయిన మాకెవరికీ ఆ పూట గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే లింగాల దగ్గర చీనీ (బత్తాయి) తోటలో పాము కరిచిన ఒకామెను తెచ్చారు. ప్రొద్దుటూరులోని పెద్ద డాక్టరు ఫోనులో చెప్పగానే విరుగుడు మందు ఎక్కించాను. ప్రాణం దక్కింది కానీ కాలివేళ్లు తీసేయక తప్పలేదు. మరునాడు లైను వచ్చి రెండూళ్ల రికార్డులు కలిశాయి. డాక్టరు మందు రాసిన టైము ప్రొద్దుటూరు సర్వరుది, నేను ఎక్కించిన టైము పులివెందులది. మధ్యలో ఇరవై నిమిషాలు. ఆలస్యం నాదేనని, విచారణ అయ్యేదాకా రావద్దని ఇంటికి పంపేశారు.

వెంటనే ఎక్కించానని నాకు గట్టిగా తెలుసు. అయినా తెల్లారేసరికి నా మీద నాకే అనుమానం పుట్టింది.

ఆ పొద్దున ఖాలా టీ తాగకుండా మా ఇంటికి వచ్చింది. "పద, పులివెందులకు పోదాం. ఆడ గడియారం తప్పు నడుస్తాంది" అంది.

"ఈడ్నుంచే సరిచేయొచ్చు కదా ఖాలా?"

"చేయొచ్చు. ఇప్పుడే సరిచేస్తే నా తప్పు పోతాది, నీది నిలిచిపోతాది."

పులివెందులలో మేనేజరు ఆమె మాట నమ్మలేదు. "మీ అక్క కూతురని కాపాడుతాండారు మేడమ్" అన్నాడు.

"అందుకే నా మాట నమ్మొద్దు సార్. ప్రొద్దుటూరుకు ఫోను చేసి ఆడ సర్వరులో టైమెంతో అడగండి. ఈడిది మీ కళ్లతో మీరే చూడండి."

ఆయన ఫోను చేశాడు. విన్నాడు, తెరకేసి చూశాడు, తలెత్తి గోడకేసి చూశాడు. రిసెప్షన్ అన్న మొహం పాలిపోయింది.

"ఈ అబ్బాయిది తప్పేం లేదు సార్" అంది ఖాలా. "గోడ గడియారం చూసి పెట్టమనింది నేనే. తేడా మరీ ఎక్కువుంటే సర్వరు దిద్దుకోకుండా ఊరికే ఉండిపోతాది. అది నాకు తెలుసు. తెలిసిండి కూడా వచ్చి చూడకపోతిని."

నా ఉద్యోగం నాకు వచ్చింది. ఆమెనేమో తన దగ్గరే పని నేర్చుకున్నవాడి కింద వేశారు. అతన్ని 'సార్' అని పిలవడానికి ఆమె ఒక్కరోజు కూడా తడబడలేదు.

అంతటితో ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆ తోటామె ఇంటికి వెళ్లింది. మందు ఆలస్యం కాలేదని, గడియారమే తప్పని, ఆ తప్పు తనదని వివరంగా చెప్పింది. కట్టుకట్టిన కాలు చాపుకుని ఆమె అంతా విన్నది.

"గడియారాల సంగతి నాకేం తెలుసమ్మా? సూదేసేటప్పుడు ఈ పాప నా చెయ్యి ఇడిసిపెట్టలే. అది తెలుసు."

 తిరుగుదారిలో వేంపల్లె దాకా ఖాలా ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే.

ఇప్పుడు ఆమె పని ఇంకొకరు చేస్తున్నారు. మూడూళ్ల టైములూ సరిగ్గానే ఉన్నాయి. కానీ పొద్దున ఏడు దాటాక "తిన్యావా?" అని ఫోను రాదు. ఏదైనా తిని, తిన్నానని ఎవరికి చెప్పాలో తెలియక కూర్చుంటాను.

ఆఖరిసారి ఆమెను చూసింది ప్రొద్దుటూరు బస్టాండులో. ఆమె జమ్మలమడుగు బస్సెక్కింది, నేను పులివెందుల బస్సు కోసం నిలబడ్డాను. బస్సు కదిలాక కిటికీ అద్దం జరిపి ఏదో అంది. పక్క బస్సు హారనులో వినబడలేదు. "ఏందీ?" అని అరిచాను. మళ్లీ అంది. మళ్లీ వినబడలేదు. తనే నవ్వేసి, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ బయట ఆమె బూడిదరంగు దుపట్టా కొస ఎగురుతూనే ఉంది.