విశ్వనాథం గారు తట్టిన ఏడో తలుపు

విశ్వనాథం గారు ఏ తలుపూ తట్టకుండా తెరవరు. లోపల ఎవరూ లేరని తెలిస్తే మరీ శ్రద్ధగా తడతారు. మూడుసార్లు తట్టి, "ఉన్నారాండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగుతారు. మేముండే ఇర్వింగ్‌లో మా ఆఫీసు మీటింగ్ రూమ్ అయినా, హోటల్ గది అయినా, వాళ్లింటి ఫ్రిజ్ అయినా అంతే. ఫ్రిజ్ సంగతి ఆయన భార్య జ్ఞానప్రసూన గారు చెబితే నమ్మలేదు. పెరుగు తోడుకి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను.

నేను ఒంటరిగా ఉంటాను. ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి నా తలుపు తట్టేవారు.

"చైతన్యా, ఉన్నావా?"

"ఉన్నాను గురువుగారూ."

"సరే." వెళ్లిపోయేవారు. ఒకసారి విసుగెత్తి, టీవీ ఆపేసి, లేనట్టే కూర్చున్నాను. అపార్ట్‌మెంట్ మేనేజర్‌ని తాళంతో సహా పట్టుకొచ్చారు. ఆయనకి దయ్యాల భయమని ఆఫీసంతా తేల్చేసింది.

పనిమీద ఇద్దరం బ్యూనస్ ఎయిర్స్ వెళ్లాం. అక్కడి ఆఫీసు నుంచి రోజూ వీడియో కాల్‌లో కనిపించే లూసియా, ఆమె తమ్ముడు మాతేయో శనివారం ఊరు చూపించారు. పాత పుస్తకాల అంగళ్లు, రంగురంగుల రేకుల ఇళ్లు. బార్లా తెరిచున్న తలుపుల్ని కూడా విశ్వనాథం గారు తడుతుంటే, నేను ఎవరో అన్నట్టు పది అడుగులు వెనక నడిచాను. లూసియా మాత్రం ఫోన్ వదల్లేదు. పొద్దున తాతగారి సమాధి తుడవడానికి వెళ్లిన అమ్మమ్మ ఎల్విరా, ఎనభై రెండేళ్ల మనిషి, ఫోన్ ఎత్తడం లేదు. రెండు దాటేసరికి లూసియా మొహం పాలిపోయింది. అందరం శ్మశానానికి పరిగెత్తాం.

అది ఊళ్లో ఇంకో ఊరు. సమాధులన్నీ ఇళ్లే. మెట్లు, తలుపులు, అద్దాల వెనక అరల్లో శవపేటికలు, వాటిమీద ఉతికిన లేసు గుడ్డలు. మబ్బు పట్టింది. సందుల్లో మనుషుల్లేరు, పిల్లులున్నాయి. అవి మమ్మల్ని కాదు, మా వెనక చూస్తున్నాయి.

తాతగారి సమాధికి తాళం వేసుంది. గడపలో తాజా పువ్వులు. అమ్మమ్మ లేదు. లూసియా పిలుస్తూ పరిగెత్తింది. ఆ పిలుపు గోడలకి తగిలి, ఇంకెవరో పిలిచినట్టు తిరిగొచ్చింది.

విశ్వనాథం గారు పక్క సమాధి తట్టారు. "ఉన్నారాండీ?"

"గురువుగారూ, ఉండటమేంటి? అందరూ పోయినవాళ్లే!"

"అడిగితే తప్పేముందయ్యా?"

ఆరు తలుపులు తట్టారు. ఏడోదానికి అద్దాల్లేవు, తుప్పు పట్టిన ఇనప తలుపు. తట్టారు. ఆగారు.

లోపల్నుంచి... టక్. టక్. టక్.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చల్లగా తగిలింది. చూస్తే రాతి దేవదూత.

విశ్వనాథం గారు తాపీగా "ఉన్నారు" అన్నారు. తలుపు దగ్గరికి వంగి, "కంగారుపడకండమ్మా, వచ్చేశాం" అని ధైర్యం చెప్పారు, అచ్చ తెలుగులో.

మాతేయో కాపలాదారుని, గునపాన్ని తెచ్చాడు. తలుపు ఊడింది. చీపురు పట్టుకుని ఎల్విరా గారు! ఆ సమాధికి అయినవాళ్లెవరూ లేరట, అందుకని ప్రతివారం అదీ తుడుస్తుందట. గాలికి తలుపు మూసుకుపోయి, గడియ విరిగి బిగుసుకుపోయింది. ఫోనేమో ఇంట్లోనే మర్చిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఆవిడ గుసగుసని లూసియా మాకు చెప్పింది. "అందరూ పిలుస్తూ వెళ్లిపోయారట. తట్టి ఆగింది ఈయనొక్కడేనట."

ఫ్లైట్‌లో అడిగేశాను. "దయ్యాలంటే అంత భయమా గురువుగారూ?"

"దయ్యాలేంటయ్యా! దేశం వదిలి వచ్చిన కొత్తలో, ట్రాయ్ అనే ఊళ్లో ఒంటరిగా ఉంటూ, మూడు రోజులు జ్వరంతో లేవలేకపోయాను. నాలుగో రోజు ఒకబ్బాయి అడ్రస్ తప్పి, పిజ్జాతో నా తలుపు తట్టాడు. వాడే హాస్పిటల్‌కి డ్రైవ్ చేశాడు. లోపల ఎవరు ఎలా ఉన్నారో బయటివాళ్లకేం తెలుసు?"

"మరి ఫ్రిజ్?"

"అది అలవాటైపోయింది."

తర్వాతి శనివారం తొమ్మిదైనా ఆయన రాలేదు. నాకు కాలు నిలవలేదు. వాళ్లింటికి వెళ్లి, మూడుసార్లు తట్టి, ఆగాను. లోపల్నుంచి తిరిగి చప్పుడొచ్చింది. మూడు కాదు, ఆరు.

జ్ఞానప్రసూన గారు తలుపు తీశారు. "జలుబు చేసి వాయిస్ మొత్తం పోయింది బాబూ. పొద్దుట్నుంచి బెడ్‌రూమ్ గోడ మీద కొట్టి కాఫీ అడుగుతున్నారు. మూడు కొడితే ఒక కాఫీ. ఇప్పుడు ఆరు కొట్టారంటే నీక్కూడా పెట్టమని. లోపలికి రా."