నల్లబండ గోడ, గుప్పెడు చింతపండు

ఆ రోజుల్లో నాకు చేతకాని పని ఈ లోకంలో ఒక్కటి కూడా లేదు. డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న వేసవి అది. ఫలితాలు ఇంకా రాలేదు కాబట్టి నా తెలివి మీద నాకున్న నమ్మకాన్ని కాదనే ఆధారం ఎవరి దగ్గరా లేదు. ఫోనులో ఏదైనా వీడియో సగం చూస్తే చాలు, మిగతా సగం నాకే తెలుసుననిపించేది. (ఇప్పుడు గ్యాసు పొయ్యి బర్నరు విప్పాలన్నా ముందు దణ్ణం పెట్టుకుంటాను.)

మాది డోన్ దగ్గర ఒక చిన్న ఊరు. నాయనకు బండలు పాలిషు పట్టే మిషన్లు ఉండేవి. ఇల్లు బాగు చేయించేటప్పుడు స్నానాల గదికి టైల్స్ వేద్దామని అమ్మ అంటే నాయన నొచ్చుకున్నాడు. "బండల యాపారం చేసేవాడి ఇంట్లో టైల్సా? ఊర్లో తలెత్తుకొని తిరగాల్నా వద్దా?" అని, కడప నల్లబండల్లో మచ్చలేనివి ఏరి తెచ్చి, మొహం కనబడేలా పాలిషు పట్టించి, నాలుగు గోడలకూ తాపించాడు. పైన షవరు కూడా పెట్టించాడు. అవ్వ మాత్రం దాని కిందికి వెళ్లనే లేదు. "వానలో నిలబడి తానం చేసేదానికి నేనేమన్నా బర్రెనా?" అని చెంబూ బకెట్టుతోనే కాలం గడిపింది.

అంత అందం ఆరు నెలలు కూడా నిలవలేదు. మా బోరు నీళ్లు వట్టి ఉప్పు. సబ్బు నురుగు రాదు సరికదా, ఆ ఉప్పూ సబ్బూ కలిసి గోడకు తెల్లటి తెట్టుగా పట్టుకున్నాయి. నల్లబండ కాస్తా విభూతి పూసుకున్న సన్యాసిలా తయారైంది. సరిగ్గా అప్పుడే బెంగళూరులో హోటలు కడుతున్న ఒకాయన, గదులన్నిటిలో స్నానాల గోడలకు నల్లబండే వేస్తానని, అయితే కొట్లో ముక్క చూసి కాదు, వాడుకలో ఉన్న గోడ చూశాకే ఆర్డరు ఇస్తానని కబురు చేశాడు. ఆ ఏడాది అందరూ టైల్స్ వైపు తిరిగిపోవడంతో నాయన మిషన్లలో సగం ఆగిపోయి ఉన్నాయి. ఈ ఆర్డరు వస్తే అన్నీ తిరుగుతాయి, రాకపోతే అమ్మేయాల్సిందే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

ఆ రోజు పొద్దున్నే నాయన ఆయన్ను రైలు దగ్గర కలవడానికి డోన్ వెళుతూ, "సాయంత్రానికి ఆయప్పను పిల్చుకొస్తా. స్నానాల గది రోంత కడిగిపెట్టండి" అన్నాడు. అమ్మ కొంగు దోపుకోబోయింది. "నువ్వు వంట చూసుకోమ్మా, ఇది నేను చూసుకుంటా!" అన్నాను. ఎంత ఉత్సాహమో నాకు!

బట్టల పొడి చల్లి రుద్దాను. కదల్లేదు. రుద్దీ రుద్దీ భుజం పట్టేసింది కానీ తెట్టు మాత్రం నన్ను చూసి నవ్వినట్టే ఉంది. అప్పుడు పడింది నా కన్ను బావి గట్టున అమ్మ తోమిపెట్టిన ఇత్తడి చెంబు మీద. ధగధగా మెరుస్తోంది! దేంతో తోమింది? చింతపండుతో! ఇత్తడిని మెరిపించేది బండను మెరిపించదా? ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే అని జాలిపడుతూ గుప్పెడు చింతపండు పిసికి, ఉప్పు కలిపి, తలుపుకు ఎదురుగా ఉన్న గోడకు చాటంత మేర పట్టించాను.

చిటపటమని సన్నగా నురుగు పొంగింది! "అవ్వా, రా, చూడు! మురికంతా పొంగిపోతాండాది!" అని గంతులేశాను. (పొంగుతున్నది మురికి మాత్రమే కాదు, మా నాయన బండ కూడా.) నీళ్లు కొడితే నల్లగా తేలింది. నా విజయానికి నేనే చప్పట్లు కొట్టుకున్నాను. కాసేపటికి ఆరింది. ఆరాక చూస్తే ఆ చాటంత మేరా బూడిద రంగు! పాలిషు జాడే లేదు.

అవ్వ గడప దగ్గర నిలబడి తాపీగా అంది: "ఏమే, గోడ మొగం పాలిపోయిందే?"

అమ్మ వచ్చి చూసి కూలబడింది. "గట్టు మీద నిమ్మకాయ కోసినచోట మరకలు యాడ చూసినా ఉండాయి కదే, చూల్లేదా నువ్వు?" రోజూ చూస్తూనే ఉన్నాను. మా వంటింటి గట్టూ కడప బండే. కానీ రెండూ ఒకటే బండని నాకు తోస్తేగా!

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తడిగా ఉన్నప్పుడు మచ్చ కనబడదు కాబట్టి, నాయన వచ్చేదాకా దాన్ని తడిగానే ఉంచుదామని, గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో పాత చీర ముంచి గోడకు అతికించాను. వెళ్లి మజ్జిగ తాగి, ముక్కు చీదుకొని వచ్చి చీర లాగితే ఏముంది! మచ్చ చుట్టూ చీర కప్పినంత మేరా తెట్టు నాని మెత్తబడిపోయి ఉంది. వేలితో రాస్తే మీగడలా వచ్చేసింది! కింద బండ నిగనిగలాడుతోంది!

"అమ్మా! పాత చీరలన్నీ తీసుకురా!"

ఇక చూడాలి ఆ మధ్యాహ్నం. చీరలు, దుప్పట్లు, నాయన లుంగీలు, అన్నీ సబ్బునీళ్లలో ముంచి గోడలకు అతికించాం. "ఇది తానాల గదా, చీరలంగడా?" అంటూనే అవ్వ కూడా బీరపీచు పట్టుకొని దిగింది. నానబెట్టడం, మెత్తగా రాయడం, కడగడం, పొడిగుడ్డతో తుడవడం. సాయంత్రానికి ముగ్గురి మొహాలూ గోడల్లో కనబడ్డాయి. ఆ చాటంత మచ్చలో మాత్రం ఎవరి మొహమూ కనబడలేదు.

నాయనా, కళ్లద్దాల బెంగళూరాయనా రానే వచ్చారు. మచ్చ మీద నీళ్లు చల్లే వ్యవధి లేక, నేను వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"పాపా, పక్కకు రామ్మా, సార్ చూస్తాడు."

"ఈడ చల్లగా ఉండాది నాయనా."

"రామ్మా."

వచ్చాను. నాయన మచ్చను చూశాడు. నా మోచేతికి అంటుకున్న చింతపండు పీచును చూశాడు. బకెట్టులో చీరల కుప్పను చూశాడు.

"మిగతాది దేంతో తుడిచినావు పాపా?"

"సబ్బునీళ్లలో చీర నానబెట్టి..."

నాయన ఆయన వైపు తిరిగి తొణక్కుండా అన్నాడు: "ఇది మా పాప చేసిన టెస్టు సార్. చింతపండు, నిమ్మకాయ, యాసిడ్, ఏది పోసినా ఈ బండ ఇట్లయితాది. సబ్బునీళ్లతో నానబెట్టి తుడిస్తే అట్లుంటాది. మీ పనోళ్లకు రెండూ చెప్పండి."

ఆయన మచ్చ మీద ఒక వేలు, నిగనిగలాడే చోట ఒక వేలు రాసి చూశాడు. "బండలమ్మేవాళ్లందరూ ఏం పోసినా ఏమీ కాదనే చెప్పారు. పాడైతే ఎట్లుంటాదో చూపించింది మీరొక్కరే," అన్నాడు. భోజనాల దగ్గరే ఆర్డరు ఖాయమైంది. నేను వడ్డిస్తూ అన్నం ఆయన విస్తరిలో బదులు నీళ్ల గ్లాసులో పెట్టేశాను, అంత సంతోషం! ఆయన్ను పంపి వచ్చాక నాయన ఒక్క మాటే అన్నాడు: "ఇంగ టెస్టులు చాలమ్మా."

చేతి మిషను పెడితే ఆ మచ్చకు మళ్లీ పాలిషు పట్టడం నాయనకు చిటికెలో పని. అమ్మ ఎన్నిసార్లు అడిగినా "ఉండనీలే" అనేవాడు. వచ్చిన ప్రతి ఆసామినీ లోపలికి తీసుకెళ్లి, "మా పాప టెస్టు" అని గొప్పగా చూపించేవాడు.

ఇప్పుడు నేను కర్నూలులో, టైల్స్ ఉన్న ఇంట్లో ఉంటున్నాను. స్నానమయ్యాక గోడ తుడిచిగానీ బయటికి రాను. పుట్టింటికి వెళ్లినప్పుడు మాత్రం నా చెయ్యి ఆ మచ్చ మీదికి వెళుతుంది. గరుకుగా తగులుతుంది. నీళ్లు చిలకరిస్తే నల్లగా మెరిసి, ఆరాక మళ్లీ పాలిపోతుంది. గుప్పెడు చింతపండుతో నాయన కష్టాలన్నీ తోమేద్దామనుకున్న ఆ పిల్లంటే నాకిప్పటికీ ముద్దే. దాని ధైర్యం చూస్తే కొంచెం అసూయ కూడా.