గోదావరి దాటి వెనక్కి వచ్చిన సూరిబాబు గారు

ఇరవై రోజుల క్రితం, పదో తరగతికి సంధులు చెబుతుండగా గోదావరి లంక నుంచి మా పాత ప్రధానోపాధ్యాయులు ఫోను చేశారు. "మన సూరిబాబు గారు పోయారమ్మా" అన్నారు. "ఏ సూరిబాబు గారండీ?" అని అడిగాను. ఆ పేరు గల మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఇంకెవరైనా కావచ్చునేమోనన్న క్షణికమైన ఆశ నా చేత ఆ మాట అడిగించింది. నా ముఖం చూసి పిల్లలు పుస్తకాలు మూసేశారు. యాభై మూడేళ్ళకే ఆ కర్మయోగి అస్తమించారన్న సత్యాన్ని నా మనస్సు ఈనాటికీ అంగీకరించడం లేదు.

గౌతమీ పాయల నడుమనున్న ఆ లంకలో నేను ఏడేళ్ళు తెలుగు పండితురాలిగా పనిచేశాను. వంతెన లేదు. ఊరి నుంచి పడవల రేవుకు ఐదు కిలోమీటర్ల మట్టిదారి. వేసవిలో ఒక పాయ ఎండితే ఇసుక మీద తాటాకులు పరిచి బండ్లు నడిచే బాట వేసేవారు. ఆషాఢంలో వరద ఎర్రనీరు రాగానే ఆ బాట అదృశ్యమయ్యేది. ఇక నలువైపులా నీరే. సూరిబాబు గారు అక్కడ పొలాల్లోని ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. రాజమండ్రిలో ఒక షెడ్డులో పదేళ్ళు పనిచేసి, తండ్రికి పక్షవాతం వస్తే ఆరు నెలలు చూసి వెళ్దామని వచ్చారు. తండ్రి తొమ్మిదేళ్ళు మంచం మీద ఉన్నారు. ఆయన గతించేనాటికి రాజమండ్రిలో సూరిబాబు గారి చోటు మరొకరిది అయిపోయింది.

ఒక బండి ఆయన జీవితంలోకి తొంభైల చివర్లో వచ్చింది. గట్టుకు రాతికట్టు పని చేయించిన కాంట్రాక్టరు ఒకరు వేసవి బాట మీద తెచ్చిన నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు పికప్ అది. వరదలో నిలువునా మునిగి, బురదలో కూరుకుపోయింది. "లేపగలిగితే నువ్వే ఉంచుకో" అని ఆ కాంట్రాక్టరు కబురు పెట్టి ఊరుకున్నారు. సూరిబాబు గారు దానిని ఎడ్లతో లాగించి తమ పెరట్లో నిలబెట్టారు.

"ఏం చేస్తారండీ దీన్ని?" అని అడిగాను ఒకనాడు.

"బాగుచేసుకుని, వేసవి బాటెయ్యగానే సామానెక్కించుకుని పోతానండీ. బండుంటే టౌన్లో ఎక్కడైనా బతకొచ్చు. ఇది కదిలితే నేనూ కదిలినట్టేనండీ."

పిస్టన్లు తుప్పుకు బిగుసుకుపోయాయి. సిలిండర్లలో కిరోసిను, నూనె కలిపి పోసి రోజూ హ్యాండిలు పట్టి తిప్పేవారు. చూసేవాళ్ళు నవ్వేవారు. "రానని అనలేదండీ అది. ఇంకా రాలేదంతే" అనేవారు. పదిహేనో రోజున వెంట్రుకవాసి కదిలింది.

కొత్త సామాను కొనే స్తోమత లేదు. ఒక సిలిండరు గోడ బాగా గీసుకుపోతే, ఇంజను దించి నలుగురు మోయగా పడవలో రాజమండ్రి తీసుకెళ్ళి, లేతు పనివారి చేత ఆ ఒక్కదానికే స్లీవు అనే కొత్త లోతొడుగు వేయించారు. వాల్వులు చేత్తో నూరుకున్నారు. రేడియేటరు ఏదో బస్సుది, కోసి అతికించారు. కమాను పట్టీలు లారీ తుక్కులోవి. డైనమో తీసేసి ఆల్టర్నేటరు పెట్టారు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని టాపు దాకా పెంచారు. అదెందుకని అడిగితే, "ఒకసారి మునిగిన బండండీ. దానికి నీళ్ళంటే నాకన్నా భయం" అన్నారు. ఈ తపస్సు రెండేళ్ళు సాగింది.

అది స్టార్టయిన ఉదయం నేనక్కడే ఉన్నాను. ఊరంతా కేకలు వేస్తుంటే ఆయన మాత్రం బానెట్టు మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. "నాలుగూ పలుకుతున్నాయండీ" అన్నారు మెల్లగా. అంతటి ప్రసన్నతను ఆయన ముఖంలో నేను మళ్ళీ చూడలేదు.

ఆ వైశాఖంలో ప్రయాణం కట్టారు. పనిముట్లు, వంటసామాను ఎక్కించారు. భార్య నాగమణి గారు ముందు సీట్లో కూర్చున్నారు. బండి కదలబోతుండగా, కొబ్బరి దింపు తీసే అప్పారావు చెట్టు మీద నుంచి పడ్డాడని కేకలు వినిపించాయి. నడుము విరిగింది. సూరిబాబు గారు సామాను దించేశారు. వెనక పరుపులు వేసి, అతని భార్యను పక్కన కూర్చోబెట్టి, ఇసుక బాట మీద నత్తనడకన పోనిచ్చి రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. అప్పారావు బతికాడు.

నాలుగో రోజున అప్పారావు భార్యను దింపడానికి తిరిగివచ్చారు. ఆ మర్నాడు బండి కావాలని ఒకరు, ఆ తర్వాత మరొకరు. జ్వరాల వాళ్ళు, పురుళ్ళ వాళ్ళు, పరీక్షలకు వెళ్ళే పిల్లలు. పది రోజులాగి వెళ్దామనుకునేలోగా ఎర్రనీరు వచ్చేసింది. కొన్నాళ్ళకు ఆయన నాతో అన్నారు: "టీచరు గారండీ, గోదారి దాటేశానండీ నేను. మళ్ళీ నా అంతట నేనే ఇవతలికొచ్చాను. ఎవర్నీ అనడానికి లేదు."

ఏటా వేసవి వచ్చేది. ఏటా ఎవరో ఒకరు ఆ గుమ్మంలో నిలబడేవారు. ఆయనను దేవుడిని చేసి మాట్లాడడం నాకిష్టం లేదు. ఒకసారి బండి పాడైందని ఊరందరికీ చెప్పి మూడు రోజులు అరుగు మీద కూర్చున్నారు. మూడో నాటి సాయంత్రం మా ఇంటికి వచ్చి, జేబులోంచి చిన్న రోటరు ముక్క తీసి చూపించారు. అది లేకపోతే ఇంజను అంటుకోదు. "నేనే పీకేశానండీ. మూడ్రోజులు నన్నెవరూ పిలవకుండా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని." ఎలా ఉందని అడిగాను. "ఏమీ బాలేదండీ. ఎవరికేమవుతుందోనని నిద్దర్లేదు" అన్నారు.

నాకు బదిలీ వచ్చిన రోజున నన్నూ నా పెట్టెనూ బండిలో రేవుకు దింపింది ఆయనే. నా విడుదలకు నేను సిగ్గుపడుతూ, మీరు కూడా వచ్చేయకూడదా అన్నాను. "మీకు ఆర్డరొచ్చిందండీ. నాకు ఆర్డరిచ్చేవాళ్ళెవరండీ?" అని నవ్వారు. ఆ నవ్వును పడవలో అవతలి ఒడ్డు దాకా మోశాను.

దినకార్యానికి లంకకు వెళ్ళినప్పుడు నాగమణి గారు అంతా చెప్పారు. ఆయన పోయిన నాటి ఉదయమే గుండెనొప్పి వచ్చింది. ఆమెకు ఆయనే డ్రైవింగు నేర్పారు. ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ఆమే బండి తీసి రేవుకు తెచ్చారు. వరద ఉధృతికి పడవలు ఆపేశారు. ఈ ఒడ్డున నిలబడి కేకలు వేస్తే అవతలి ఒడ్డుకు వినబడలేదు. గంటసేపు ఎదురుచూశారు. "ఆపెయ్ మణీ, ఇంజను వేడెక్కుతోంది" అన్నారట. ఆమె ఆపారు. మళ్ళీ ఆయన మాట్లాడలేదు.

ఆమె ఇది చెబుతుండగానే వాకిట్లో ఒక రైతు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తల్లికి ఊపిరాడడం లేదని చెప్పి బండి వైపు చూశారు. "ఇవాళ గడప దాటకూడదమ్మా" అని పెద్దామె ఎవరో వారించారు. నాగమణి గారు తాళాలు తీసుకుని, "నాకొక్కదానికే వచ్చు కదండీ" అని నాతో అంటూ లేచారు.

లంకకు రేపు మరొక మెకానిక్కు రావచ్చు, వంతెన కూడా రావచ్చు. తలుపు తెరిచే ఉన్నా, ఎవరూ చెయ్యి పట్టి ఆపకపోయినా, దాటి వెళ్ళలేకపోయిన ఆ మహామనిషి మాత్రం ఇక రారు. ఆయన బండి ఎక్కి బయటపడిన వాళ్ళలో నేనొకదాన్ని. చేతులు జోడించడం తప్ప ఆయనకు నేనివ్వగలిగిందేమీ లేదు.