గేరు బాబాయి లాకరు ముచ్చట

గేరు బాబాయికి జీపంటే ప్రాణం. ముప్ఫై ఏళ్లు క్వారీ దారిలో కూలీలను ఎక్కించుకు తిరిగిన మనిషి. ఇప్పుడా జీపు చేసే పనల్లా తారు రోడ్ల మీద బజారుకీ ఆసుపత్రికీ తిరగడమే. చిక్కల్లా ఇంటి ముందరి మట్టి ఎత్తుతోనే. వాన పడితే చాలు, వెనక చక్రం ఒకటి బురదలో గిర్రున తిరుగుతుంది, రెండోది మొద్దులా ఊరుకుంటుంది. బండి అంగుళం కదలదు.

అందుకే రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకరు వేయించాలని ఆయన పట్టు. కుర్రతనం నాటి కోరిక! కానీ పోయినేడు పక్షవాతం వచ్చినప్పటి నుంచి కుడికాలు ఆయన మాట వినడం లేదు. బండి తీసేది పిన్నే. ఎవరైనా అడిగితే మాత్రం, "ఓ నెల ఆగితే నేనే తీస్తా" అంటాడు. ఏ నెలో ఆ దేవుడికే తెలియాలి!

షెడ్డులో మెకానిక్ గ్రీజు చేతులు తుడుచుకున్నాడు.

"బాబాయ్, బురదకి లాకరే మొనగాడు, కాదనను. కానీ తారు రోడ్డు మలుపులో బయటి చక్రం జోరుగా తిరగాలి కదా. లాకరు అంత తేలిగ్గా వదలదు. టక్కుమని బండిని లాగుతుంది. రోడ్డు తడిగా ఉంటే వెనక భాగం పక్కకి తన్నుతుంది."

"నాకు చెబుతావట్రా? తన్నితే స్టీరింగు తిప్పి పట్టుకోనూ!"

"నువ్వు పట్టుకుంటావులే. ఇంకోటుంది, లిమిటెడ్ స్లిప్పు. చక్రాలని మెత్తగా కలుపుతుంది, మలుపులో వదులుతుంది. లాకరంత బలం లేదు గానీ ఆ ఎత్తుకి సరిపోతుంది. రోడ్డు మీద ఉన్నట్టే తెలియదు. ఇంతకీ నడిపేదెవరు? అది చెప్పు, ఏది వేయాలో నే చెబుతా."

బాబాయి బయటికి చూశాడు. పిన్ని డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది. రోజూ సాయంత్రం ఈయన దాన్ని తన ఎత్తుకి తిప్పిపెట్టడం, పొద్దున్నే ఆవిడ కిక్కురుమనకుండా మళ్లీ కిందికి దించుకోవడం!

"మీ పిన్నేరా," అన్నాడు. "ఆ మెత్తటిదే వెయ్యి."

కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"లాకరు వద్దన్నారా?" షెడ్డులో మాటలు చెవినపడ్డ పిన్ని తెల్లబోయింది. "అదేంటండీ! కాలు నయమయ్యాక మీరే తీద్దురుగా."

"ఇక నయం కాదే," అన్నాడు బాబాయి.

ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పిన్ని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.