బయటి నుంచి వేసిన తాళం

ప్రమీల సీతన్న మారిషస్ దేశపు పిల్ల. ఆమె ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి పోయాడు. ఇంట్లో అందరూ మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగు ఆమెకు వచ్చింది శనివారం సాయంత్రాల బడిలో, భజనల్లో. రెండు దేశాల ఒప్పందం మీద ఏడాదిపాటు తెలుగు చదువుకోవడానికి 1988లో వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఒక్కేళ్లు. హైదరాబాదులో ఉంటానని అందరికీ చెప్పి బయలుదేరింది. అక్కడి హాస్టల్లో జాగా లేదని ఆఫీసువాళ్లు సిద్దిపేట బస్సెక్కించారు.

హాస్టలంటే బజారు వెనక సందులో ఒక సేటు కిరాయికిచ్చిన రెండంతస్తుల ఇల్లు. గదికి ఆరు మంచాలు. మిగతా పిల్లల రేకు పెట్టెలు మంచాల కిందికి పోయేవి గానీ, ప్రమీల తెచ్చిన సూట్‌కేసు పోలేదు. దాన్ని మంచం మీదే పెట్టుకుని, మిగిలిన చోటులో ముడుచుకుని పడుకునేది. మొదటి రోజు మెస్సులో నిలబడి, "భోజనము ఎప్పుడు వడ్డించెదరు?" అని అడిగింది. పిల్లలు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. పక్క మంచం గౌసియా బేగం మాత్రం నవ్వకుండా పళ్లెం తెచ్చిచ్చి, "పచ్చిపులుసు కారముంటది, బెల్లం నంజుకో" అంది. గౌసియాది చేర్యాల. ఆమె లేకపోతే మొదటి నెలలోనే పారిపోయేదాన్నని ప్రమీల తర్వాత చాలాసార్లు అనేది. కానీ పారిపోవడానికి దారి ఏది?

కాలేజీ నుంచి రాగానే గేటుకు తాళం పడేది. ఆదివారం బయటికి పోవాలంటే సొంతవాళ్లెవరైనా వచ్చి తీసుకుపోవాలి. తండ్రులు, అన్నలు, మేనమామలు వచ్చేవారు. సాయంత్రానికి పిల్లలు కొత్త గాజులతో, మల్లెపూలతో తిరిగొచ్చేవారు. ప్రమీల కోసం రావలసినవాళ్లు సముద్రం అవతల ఉన్నారు. ఒకసారి ధైర్యం చేసి వార్డెన్ స్వరాజ్యం దగ్గరికి పోయింది.

"మేడం, కోమటి చెరువు వరకు పోయి వస్తాను."

"ఎవరితోని?"

"ఒంటరిగానే."

స్వరాజ్యం కళ్లద్దాలు తీసింది. "నీకేమన్న అయితే ఢిల్లీ నుంచి ఫోనొస్తది. నేనేం జవాబు చెప్పాలె?"

ఆమె మాటలో కోపం లేదు, భయం ఉంది. భయపడే మనిషితో వాదించడం ప్రమీలకు చేతకాలేదు.

దసరా సెలవులు వచ్చాయి. గౌసియా తండ్రి హనీఫ్ బిడ్డను తీసుకుపోవడానికి వచ్చి, ప్రమీలను కూడా పంపమని అడిగాడు.

"మా ఇంట్ల మా బిడ్డ లెక్కనే ఉంటది మేడం."

"నాకు తెల్వదా హనీఫ్ భాయ్? కానీ పోలీసోళ్ల దగ్గర ఈమె ఉండే జాగ ఈ హాస్టలనే రాసున్నది. ఈమె ఇంకోకాడ పండుకుంటే నన్నడుగుతరు."

హనీఫ్ గౌసియా పెట్టె ఎత్తుకున్నాడు. గౌసియా సందు మలుపు దాకా వెనక్కి చూస్తూనే పోయింది. మరునాడు స్వరాజ్యం కరీంనగర్‌లో తమ్ముడి ఇంటికి బయలుదేరుతూ తాళంచెవి ఎల్లవ్వ చేతిలో పెట్టింది. "పిల్ల గేటు దాటొద్దు. పిల్లను ఇడిచిపెట్టి నువ్వూ దాటొద్దు" అంది.

ఎల్లవ్వ హాస్టల్ కావలి మనిషి. దౌల్తాబాద్‌లో పెనిమిటి పోయాక ఇక్కడ పనికి కుదిరింది. మెట్ల కింద చాప, బట్టలు పెట్టుకునే ఒక సందుగ, కిరసనాయిలు స్టవ్వు, అదే ఆమె ఇల్లు. కూతురు రాములవ్వను అదే ఊళ్లో కాశయ్య అనే రైతుకిచ్చింది. రాములవ్వకు నెలలు నిండాయి. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. మెట్ల కింద మంచం పట్టదు కాబట్టి అత్తగారింట్లోనే ఉండిపోయింది.

ఖాళీ హాస్టల్లో వాళ్లిద్దరూ మిగిలారు. ఎల్లవ్వ జొన్నరొట్టెలు చేసేది, ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తినేవారు. ప్రమీల పై వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. చుట్టి పెట్టిన పరుపులు, వట్టి మంచాలు చూడలేక కిందికి వచ్చేది. కింద గేటు కనబడేసరికి మళ్లీ పైకి పోయేది. సాయంత్రాలు గోడ అవతల ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతూ చప్పట్లు కొట్టేవారు. అప్పుడు ఎల్లవ్వ గేటుకు వీపు పెట్టి కూర్చునేది.

"నువ్వు పండుగకు మీ ఊరికి ఎందుకు పోలేదు అవ్వా?" అని ప్రమీల ఒకరోజు అడిగింది.

"ఎట్ల పోత బిడ్డా? నువ్వున్నవు గద."

వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అంది ఆ మాట. ప్రమీల రొట్టె పళ్లెంలో పెట్టేసింది. తనకు ఎల్లవ్వ కాపలా అనుకుంది ఇన్నాళ్లూ. ఎల్లవ్వను ఇక్కడ కట్టిపడేసింది తానేనని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే కాశయ్య వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. బట్టలన్నీ దుమ్ము.

"అత్తా, రాములవ్వకు నిన్నటి నుంచి నొప్పులు. ట్రాక్టర్ మీద ఈడి దవాఖానకు తెచ్చినం. ఆపరేషన్ చెయ్యాల్నంటున్నరు. అవ్వను పిలువుమని ఒక్కటే ఏడుస్తుంది."

ఎల్లవ్వ కొంగున కట్టుకున్న తాళంచెవి చేతిలోకి తీసుకుంది. తాళం దాకా చెయ్యి పోయి ఆగింది.

"పిల్లను ఇడిచి ఎట్లొస్త కాశయ్యా?"

"నేనూ మీతో వస్తాను" అంది ప్రమీల.

"బజార్ల ఎవరన్న చూసి చెప్తే నా కొలువు పోతది. నిన్ను మీ దేశం తోలేస్తరు."

ప్రమీల గేటు ఊచలను, ఎల్లవ్వ ముఖాన్ని చూసింది. "అయితే నన్ను లోపల ఉంచి బయట తాళం వెయ్యి. నేను గేటు దాటినట్టు కాదు. నువ్వు పో అవ్వా."

కాశయ్య తల దించుకున్నాడు. ఎల్లవ్వ బయటికి వచ్చి, అవతలి వైపు నుంచి తాళం వేసింది. "మాపటికొస్త బిడ్డా" అని నాలుగడుగులు నడిచి, తర్వాత పరుగెత్తింది.

అంతకుముందు కూడా ఆ గేటుకు ఎప్పుడూ తాళమే. కానీ అది లోపలి తాళం, చేతికి అందేది. ఇప్పుడు ఊచల సందులోంచి చెయ్యి పెట్టి చూస్తే వేళ్లు తాళం దాకా కూడా పోలేదు. ఇల్లు అంటుకుంటే ఎట్లా అనే ఆలోచన ఒకటి పట్టుకుంది. స్టవ్వు వెలిగించలేదు. చల్లారిన రొట్టె బెల్లంతో తిన్నది. సాయంత్రం డాబా ఎక్కింది. సందులోంచి ఆడవాళ్లు తంగేడు పూల బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని చెరువు వైపు పోతున్నారు. పట్టుచీర కట్టుకున్న ఒకామె పైకి చూసి, "ఏం పిల్లా, పైన్నే ఉంటవా? దిగి రా" అని పిలిచింది. ఎల్లవ్వ లేదన్న సంగతి బయటపడుతుందని ప్రమీల నవ్వి తల అడ్డంగా ఊపింది. ఆ నవ్వు ముఖం మీద ఉంచుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది ఆమెకు. ఎల్లవ్వ చీకటి పడ్డా రాలేదు. ఆ రాత్రి గురించి ప్రమీల గౌసియాకు తర్వాత ఒక్క మాటే చెప్పింది, లైటు ఆర్పలేదని.

తెల్లవారి గేటు తీసింది ఎల్లవ్వ కాదు. స్వరాజ్యం తమ్ముడి ఇంట్లో ఇమడలేక ముందే తిరిగొచ్చి, బయటి తాళం చూసి, తన దగ్గరున్న రెండో చెవితో తీసింది.

"ఎల్లవ్వేది?"

"దవాఖానలో ఉంది మేడం. ఆమె బిడ్డకు కాన్పు ఆపరేషన్. నేనే పంపినాను. తప్పు నాదే."

స్వరాజ్యం సంచీ కింద పెట్టి మెట్టు మీద కూలబడింది. "తప్పు నీదైనా జవాబు నేనే చెప్పాలె. హాస్టల్ కమిటీవాళ్లకు తెలిస్తే ఒక్క మాట అడగకుండ నన్ను బయటికి నూకుతరు. నాకు గీ గది తప్ప ఇల్లేది?" కొంగుతో ముఖం తుడుచుకుని, ప్రమీల కళ్ల కింది నల్లదనం చూసి, "చెప్పులేస్కో" అంది.

దారి పొడుగునా స్వరాజ్యం ప్రమీల మణికట్టు వదలలేదు. చెరువు గట్టు పక్క నుంచే పోయారు గానీ ఆగలేదు. దవాఖానలో రాములవ్వ మంచం పక్కన ఎల్లవ్వ పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ఉంది. వార్డెన్‌ను చూడగానే లేచి, అడగకముందే తాళంచెవి ఉన్న చెయ్యి చాచింది. స్వరాజ్యం దాన్ని తీసుకుంది.

"ఆడపిల్లనా?"

"అవునమ్మా."

"తల్లికి పాలు పడ్డయా?"

"ఇంక లేదు. పడతయన్నరు."

ఎల్లవ్వ పసిపిల్లను ప్రమీల చేతుల్లో పెట్టింది.

ఎల్లవ్వ కొలువు పోలేదు. తాళంచెవి మాత్రం ఆమె చేతికి మళ్లీ రాలేదు, స్వరాజ్యం నడుముకు చేరింది. ఆ తర్వాత చాయపత్తికి పోవాలన్నా ఎల్లవ్వ అడిగే పోవాలి. మనవరాలిని చూసుకోవడానికి నెలకొక పూట దొరికేది. గౌసియా సెలవుల నుంచి వస్తూ రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు తెచ్చింది. ప్రమీల నోట గీడ, గాడ అనే ఇక్కడి మాటలు వినబడటం మొదలైంది. ఆదివారాలు మాత్రం మారలేదు.

మే నెలలో పరీక్షలయ్యాక ప్రమీల తన దేశానికి బయలుదేరింది. హనీఫ్ రిక్షా తెచ్చి సూట్‌కేసు పెట్టించాడు. ఎల్లవ్వ గేటు దాకా వచ్చింది.

"బస్టాండ్ దాక రా అవ్వా."

"మేడం పండుకున్నది బిడ్డా. అడగక ఎట్లొస్త? నడువు, బస్సు పోతది."

రిక్షా కదిలింది. ఎల్లవ్వ గేటు లోపలే నిలబడి, ఒక రెక్క దగ్గరికి వేసి, రెండో రెక్క పట్టుకుని, రిక్షా మలుపు తిరిగేదాకా చూసింది.