నాగమ్మక్క ఫొటో తెరుచుకోలేదు

2023 చలికాలం. ఎమ్మిగనూరు బస్టాండు వెనక వీధిలో నాకొక చిన్న అంగడి ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, అన్నీ ఒక్క గదిలోనే. పుట్టింది ఆదోనిలో. అక్కడే ఒక స్టూడియోలో పని నేర్చుకున్నాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక సొంతంగా అంగడి పెట్టుకున్నాను. నాకు నోరు ఎక్కువనీ, పని మాత్రం చక్కగా చేస్తాననీ వీధిలో పేరు. మొదటి మాట నిజమే. రెండో మాట మీద నాకుండిన గర్వం ఎట్లా దిగిందో చెప్తాను.

నాగమ్మక్క మా వెనక వీధిలోనే ఉండే నేతపని మనిషి. యాభైకి దగ్గరగా ఉంటుంది. ఒకరోజు మడతలు పెట్టిన కాగితం ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పరిచింది. నేతగాళ్ల పేర్లతో చేనేత ఆఫీసువాళ్లు కొత్తగా రాసిన జాబితా అది. అందులో ఆమె భర్త పేరు ఎదురుగా ‘నేత’ అని ఉంది. ఆమె పేరు ఎదురుగా ‘సహాయకురాలు, కండెలు చుట్టుట’ అని ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు చుట్టడాన్నే కండెలు చుట్టడం అంటారు. ఆడవాళ్ల పని అంటే అదేనని రాసుకుపోయినవాళ్ల లెక్క.

"పెండ్లయినప్పటి నుంచి నేస్తాండాను సుజాతమ్మా. మా ఆయప్పకు నడుం పట్టేసి పదేండ్లాయ, అప్పటి నుంచి ఆయప్ప మగ్గం ముట్టిందే లేదు. కాగితంలో మాత్రం ఆయప్పది నేత, నాది కండెలు! ఇదేం న్యాయం?"

"మార్పించుకుంటే నేతగాళ్ల కార్డు నీ పేరు మీద వస్తుంది కదక్కా. నూలుకైనా పింఛనుకైనా నువ్వే అడగొచ్చు."

"అవన్నీ తరవాత. ముందు నేసేది నేనని రాయల్ల."

అభ్యంతరం ఆన్‌లైన్‌లో పెట్టాలి. దానితో పాటు ఆమె మగ్గం మీద కూర్చుని నేస్తున్న ఫొటో పెట్టాలి. ఎప్పుడో తీసిన పాత ఫొటో కుదరదు. తీసిన తేదీ ఫొటో ఫైలు లోపలే నమోదై ఉండాలని నిబంధన. అదృష్టం, అంతకు వారం ముందే ఆమె తమ్ముడు వీరేశ్ వచ్చి, కొత్తగా కొన్న ఐఫోనుతో అక్క నేస్తుండగా ఫొటో తీసి ఉన్నాడు. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటో చిక్కిపోతుంది, లోపలి తేదీ కూడా పోతుంది. అది నాకు తెలుసు కాబట్టి వీరేశ్‌కు ఫోన్ చేసి డాక్యుమెంటుగా పంపమన్నాను. పంపాడు. అంతవరకు నా తెలివి బాగానే పనిచేసింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఐఫోను మామూలుగా ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే రకంలో దాచుకుంటుంది. తక్కువ చోటులో ఎక్కువ నాణ్యత కోసం అట్లా చేస్తారు. సర్కారు సైట్లకు కావాల్సింది జేపీజీ. ఏ ఫోనులోనైనా, ఎంత పాత కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే రకం అది. సైటు నా ఫైలును వద్దంది. అంగట్లో నలుగురు నిలబడి ఉన్నారు, కరెంటు వస్తూ పోతూ ఉంది. నేను ఫైలు పేరు చివర ఉన్న హెచ్‌ఈఐసీ కొట్టేసి జేపీజీ అని రాశాను. సైటు నోరు మూసుకుని తీసుకుంది. నా పాత కంప్యూటర్‌లో ఫొటో బదులు తెల్ల కాగితం బొమ్మ కనిపించింది. అయినా మిషను నిదానం అనుకున్నాను. పేరు మారిస్తే సరుకు మారుతుందా? పిండి డబ్బా మీద చక్కెర అని రాసినంత పని అది. ఇంత అనుభవం ఉండీ ఆ పని చేశాను.

పది రోజుల తర్వాత, అమావాస్య నాడు, పొద్దున పదిగంటలకు నాగమ్మక్క వచ్చింది. ఆమె చేతిలో భర్త ఫోన్ ఉంది. దరఖాస్తులో ఇచ్చిన నంబరు ఆయనదే. మెసేజ్ వచ్చి నాలుగు రోజులైనా ఆయన చూడలేదు. అమావాస్య నాడు నేతపని ఉండదు కాబట్టి, ఇంట్లో పనీపాటా లేక ఆమే ఆ ఫోన్ తిప్పుతుంటే కనిపించిందట. ‘ఫొటో తెరుచుకోవడం లేదు. గడువులోగా సరైనది పంపని యెడల అభ్యంతరం తిరస్కరించబడును’ అని రాశారు. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు గంటలకు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వెంటనే ఫైలు కోసం వెతికాను. శనివారం శనివారం గిరాకీల ఫైళ్లన్నీ తుడిచేయడం నా అలవాటు. ఎవరి ఫొటోలూ నా దగ్గర ఉండిపోకూడదని అట్లా చేస్తాను. నాగమ్మక్కదీ, వీరేశ్ పంపిన మెసేజూ అన్నీ పోయాయి. వీరేశ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అతను ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. పత్తి నిప్పుకు భయపడే సరుకు కదా, లోపలికి ఫోన్లు పోనివ్వరు, గేటు దగ్గరే పెట్టుకుంటారు.

"అక్కా, కెమెరా తీసుకుని ఇప్పుడే మీ ఇంటికి వస్తాను. ఒక్క నిమిషం మగ్గం మీద కూర్చో. తీసేస్తాను," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఈ పొద్దు అమాస. మా అత్త ముట్టలేదు, ఆమె అత్త ముట్టలేదు. నేను ఆ మగ్గం గుంతలో కాలు పెట్టను."

"ఎవరు చూస్తారక్కా?"

"మగ్గం సూడదా?"

 తప్పు నాది. దాన్ని కప్పిపుచ్చడానికి ఆమె ఆచారం ఆమె ఎందుకు విడిచిపెట్టాలి? ల్యాప్‌టాపు, కేబులు సంచిలో పెట్టుకుని షట్టరు దించాను. "పద, ఆదోనికి పోదాం," అన్నాను. ఆమె దారిలో ఇంటి దగ్గర ఆగి ఫోన్ భర్తకు ఇచ్చేసింది. కొంగు బిగించి నడిచింది. బస్సులో ఆమెకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. పేరు మాత్రమే మార్చాననీ, తెరిచి చూడలేదనీ చెప్పాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నేను నూలు తెగితే ముడేసి గదా మళ్ల నేస్తాను. నువ్వూ ఎయ్యి," అంది. తిట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది. కాపలాదారు లోపలికి కబురు పంపడానికి ముందు ససేమిరా అన్నాడు. నాగమ్మక్క గేటు పక్కన అరుగు మీద కూర్చుని, "మా తమ్ముడు బయటికి వచ్చేదాకా ఈడనే ఉంటానప్పా. నువ్వు సెప్పినా సెప్పకపోయినా," అంది. కాసేపు చూసి ఆయనే లోపలికి పోయి చెప్పాడు. వీరేశ్ వచ్చేసరికి మూడు కావొచ్చింది, తల నిండా దూది.

"ఏమైందక్కా? ఇంట్ల అందరూ బాగుండారు కదా?"

"అందరూ బాగుండారు. నీ ఫోన్ ఇయ్యి."

ఫోన్ సెట్టింగుల్లో కెమెరా ఫొటోలను జేపీజీలోనే దాచుకొమ్మనే అవకాశం ఉంది. కానీ అది ఇకముందు తీసేవాటికే పనిచేస్తుంది, ముందే తీసినదాన్ని మార్చదు. అందుకే రెండో దారి పట్టాను. ఫొటోల సెట్టింగులో, కంప్యూటర్‌కు పంపేటప్పుడు ఆటోమేటిక్ అని పెడితే, కేబుల్ ద్వారా ఎక్కించేటప్పుడు ఫోనే దాన్ని నిజంగా జేపీజీగా మార్చి ఇస్తుంది. తీసిన తేదీ లోపల అట్లాగే ఉంటుంది. ల్యాప్‌టాపును మోకాళ్ల మీద పెట్టుకుని ఎక్కించాను. ఈసారి తెల్ల కాగితం రాలేదు. నాగమ్మక్క వచ్చింది. గుంతలో కూర్చుని, ఒక చేత్తో నూలును దగ్గరికి కొట్టే పలక, ఇంకో చేత్తో నాడె తాడు పట్టుకుని, ముందు సగం నేసిన నీలం గళ్ల దుప్పటితో.

అయినా నన్ను నేను నమ్మలేదు. ఆ ఫైలును కాపలాదారు ఫోనుకు పంపాను. తెర పగిలిన పాత ఫోన్ అది.

"అన్నా, తెరుచుకుందా? ఏం కనిపిస్తాంది చెప్పు."

ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు, తర్వాత నాగమ్మక్క వైపు చూశాడు. "ఈయమ్మే గదా? మగ్గం నేస్తాంది."

నాగమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది. నాకూ కళ్లు తడిశాయి.

ఇక మిగిలింది ఎక్కించడం. వీరేశ్ ఫోన్ నెట్‌తోనే సైటు తెరిచాను. ఓటీపీ ఎమ్మిగనూరులో ఉన్న భర్త ఫోనుకు పోతుంది. నాగమ్మక్కే నా ఫోను నుంచి ఆయనకు ఫోన్ చేసింది. "అంకెలు సదువు," అంది. ఆయన ఏదో గొణిగాడు. "కాఫీ తాగినాక కాదు, ఇప్పుడే సదువు," అంది. చదివాడు. నాలుగున్నరకు రసీదు వచ్చింది. రసీదుతో ఊరుకోకుండా ఆఫీసుకు ఫోన్ చేసి, "సార్, దయచేసి ఒక్కసారి తెరిచి చూడండి," అని బతిమాలాను. అవతల మౌసు నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత, "కనిపిస్తోందమ్మా," అన్నారు.

నెలన్నర తర్వాత సవరించిన జాబితా వచ్చింది. ఆమె పేరు ఎదురుగా ఒకే మాట ఉంది: నేత. నేను చదివి వినిపిస్తే, మళ్లీ చదవమంది. ఆ వారంలోనే ఆ వీధి నుంచి మరో ఐదుగురు ఆడవాళ్లు తమ ఫోన్లు పట్టుకుని నా అంగడికి వచ్చారు. వాళ్లందరి పేర్ల ఎదురుగా కండెలు చుట్టుట అనే ఉంది.

ఇప్పుడు నేను ఏ ఫైలునైనా ఇంకొకరి ఫోనులో తెరిపించి, వాళ్లకు ఏం కనిపిస్తోందో నోటితో చెప్పించుకున్నాకే పంపుతాను. గిరాకీలు విసుక్కుంటారు, విసుక్కోనీ. అప్‌లోడ్ అయిందని తెర మీద వచ్చినంత మాత్రాన మనిషి అవతలికి చేరినట్టు కాదు. ముప్పై ఏళ్లు మగ్గం మీద ఉన్నా నాగమ్మక్క కాగితాల్లో ఎవరికీ కనిపించలేదు. చివరికి ఆమె నమ్మి నా దగ్గరికి వస్తే, నేనూ పది రోజులు ఆమెను కనిపించకుండా చేశాను.