ఇంటిపేరు లేని వగీరా

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా వగీరా అక్క రచ్చ గెలిచింది, ఇంట ఓడింది. ఓడించినవాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మంటే.

జోగ్జా నగరంలోని మా ప్రయోగశాలలో ఆమె బల్ల, నా బల్ల పక్కపక్కనే ఉండేవి. వరి మళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం మీద అక్క పరిశోధన. మొదటి రక్తనమూనాలు పక్క జిల్లా అయిన బంతుల్‌లో, వాళ్ల నాన్న కర్సో వ్యవసాయం చేసుకునే ఊళ్లోనే తీసింది. అందరికంటే ముందు చెయ్యి చాపింది ఆ పెద్దాయనే. "నా కూతురు పొడిస్తే నొప్పేంట్రా, రండి!" అని ఊరిని వరసలో నిలబెట్టాడు.

మా అయిదు రోజుల సంతవారంలో వగే అనే రోజున పుట్టిందని ఆమెకు వగీరా అని పేరు పెట్టింది ఆయనే. ఆ ఒక్క పేరే. మాలో చాలామందికి అంతే, ఇంటిపేర్లుండవు.

ఆ పరిశోధన మీద రాసిన వ్యాసాన్ని విదేశీ పత్రికకు పంపేటప్పుడు వచ్చింది తంటా. ఇంటిపేరు గడి నింపందే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు. బయట ఆమె కోసం ఎవరో వచ్చారని కేక వినిపించింది. అక్క విసిగిపోయి గడిలో "తిదాక్ అదా" అని కొట్టి లేచింది. మా భాషలో "లేదు" అని అర్థం.

అక్కడివాళ్లకు మా భాష ఏం తెలుసు? అదే ఇంటిపేరనుకున్నారు. మొదటి మాటను పొడి అక్షరం చేసి, రెండోది ఉంచి, "డబ్ల్యూ. టి. అదా" అని అచ్చేశారు. ఉత్త "అదా" అంటే "ఉంది".

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. "లేదంటే ఉందన్నారు, నయమే కదే!" అని అక్క అందరికీ సోయా తెంపే వేపుడు తెప్పించింది. దిద్దించమని నేనంటే, "ఎవరు చదువుతార్లే" అంది.

చదివారు. ఆ జ్వరం ఉన్న ప్రతి దేశంలోనూ చదివారు. దాని గురించి ఎవరు ఏం రాసినా "అదా చెప్పినట్టు" అనాల్సిందే. తర్వాతి వ్యాసాలు ఆ మొదటి వ్యాసంతో ముడిపడాలంటే ఆమెకూ అదే పేరు తప్పలేదు.

ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెట్టినప్పుడు అది మెడకు చుట్టుకుంది. వయసు అరవై అయిదు దాటితే ఆ పదవి ఇక ఇవ్వరు. నాన్న ముందు వరసలో కూర్చోవాలి, ఆయన పెట్టిన పేరు ప్రొఫెసర్ వగీరా అని హాలంతా వినిపించాలి. ఆమె కోరిక అదొక్కటే.

కమిటీ పెద్ద హర్యోతో సార్ కాగితాలు తిరగేశాడు. "ఈ అదా గారు చాలా గొప్పవారు మేడం. మరి మీ వ్యాసాలేవండీ?"

"ఆ అదాను నేనేనండీ!"

"మీ కాగితాల్లో వగీరా అనే ఉంది కదండీ. పత్రికవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం తెండి. లేదా కోర్టుకెళ్లి పేరు మార్పించుకోండి."

"ఏమని మార్పించుకోను సార్? వగీరా లేదు అనా?"

గదిలో అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

నేనూ కోర్టుకే వెళ్లమన్నాను. "నాన్న బతికుండగా ఆయన పెట్టిన పేరు మార్చి, ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లనే?" అంది. పత్రికకు రాస్తూనే ఉంది. ఆ పత్రిక యాజమాన్యం చేతులు మారిందట, జవాబు లేదు. వానాకాలంలో నాన్న పోయాడు. తర్వాత అక్క అరవై అయిదో పుట్టినరోజు వచ్చింది. మా ఆచారం ప్రకారం గోపురంలా పేర్చిన పసుపన్నం కోసి, ఉద్యోగం నుంచి వీడ్కోలు చెప్పాం. హర్యోతో సారే ఆమెను తెగ పొగిడాడు. ఆ పొగడ్తలో సగం ముందే కాగితం మీద పెట్టి ఉంటే ఏం పోయేది?

అంతా అయ్యాక, పత్రిక నుంచి జవాబొచ్చింది. పొరపాటుకు చింతిస్తున్నాం, సరైన పేరు తెలపండి అని. కింద మళ్లీ అదే గడి.

"వగీరా వగీరా అని కొట్టక్కా, ఇంటిపేరు లేనివాళ్లు చాలామంది పేరునే రెండుసార్లు రాసి కానిస్తారు," అన్నాను.

అక్క "కర్సో" అని కొట్టింది.

"ఇప్పుడెందుకక్కా నాన్న పేరు?"

"అప్పుడే రాయాల్సింది పూర్వంతీ. తండ్రి పేరు రాసేవాళ్లు లేరా మనలో? నాకెందుకు తోచలేదో." కళ్లద్దాలు తీసి జేబురుమాలుతో తుడుచుకుంది. "ఆ రోజు బయట నాకోసం వచ్చింది ఎవరనుకున్నావు? నాన్నేనే. నాకు అన్నం పొట్లం తెచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను లోపల లేదని కొట్టాను."